మేకుల టైర్లకి మంచిరోజు

ఆ రోజుల్లో కెనడాలోని సస్కటూన్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లో ఎవరో ఒకరు ఫోన్లో తెలుగులో కూర గురించి మాట్లాడుతుండేవారు. రెండు మూడేళ్లలో అంతమందిమి వచ్చిపడ్డాం. ఒక్కో బేస్‌మెంట్‌లో నలుగురం, ఒక్కో రైస్ కుక్కర్‌కి ఇద్దరు యజమానులు. చదువు పేరుతో వచ్చి, పార్ట్‌టైమ్ పనుల్లో నలిగి, తీరిక దొరికితే పీఆర్ గురించి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి గురించి, మాట్లాడుకునేవాళ్లం. మాకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది కానీ, నా మటుకు నాకు టైర్ల గురించి తెలిసిందల్లా అవి గుండ్రంగా, నల్లగా ఉంటాయని మాత్రమే.

కోర్సు అయిపోయాక నాకు ఊరికి బాగా దూరంగా, పొలాల మధ్య ఉన్న ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. రైతులు పండించిన శనగలు, మసూర్ పప్పు, ఆవాల్లాంటి కెనోలా గింజలు తెచ్చి పరీక్ష చేయించుకునే చోటు. (మా ఇంట్లో వండే మసూర్ పప్పు ఈ ఊరి చుట్టుపక్కల నుంచి ఓడెక్కి రావచ్చని తెలిశాక, పప్పు మీద నాకు గౌరవం పెరిగింది.) ఉద్యోగం ప్రొబేషన్ మీద. పొద్దున ఏడింటికల్లా ఉండాలి. అటు బస్సు లేదు. మొదటి రోజే మా మేనేజరమ్మ, పొడుగ్గా, ముక్కుసూటిగా ఉండే మనిషి, నన్ను కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది. నాకంటే ముందు చేరిన ఇద్దరు కొత్తవాళ్లు మొదటి మంచుకే రాలేక మానేశారట. చలికాలం ఎలా దాటాలన్నది నీ బాధ్యత, ఆ సాకు మాత్రం నా దగ్గర చెల్లదు అంది. ఆ ఉద్యోగం నిలబడితేనే నా పీఆర్ కాగితాలు కదులుతాయి. అందుకని నేను తల ఊపిన ఊపుకి మెడ పట్టేసింది.

కారు సంగతి మా పై అంతస్తులో ఉండే ఛార్జింగ్ అన్న చూసుకున్నాడు. హైదరాబాద్ మనిషి, అమెరికాలో చాలాకాలం ఐటీ ఉద్యోగం చేసి ఇటొచ్చాడు. ఎవరైనా ఎలా ఉన్నావన్నా అంటే తన కారు ఎంత శాతం ఛార్జ్ ఉందో చెప్పేవాడు, అందుకని ఆ పేరు. ఆయన కొత్త ఎలక్ట్రిక్ కారు కొనుక్కుంటూ పాతది నాకు అమ్మాడు. ఆయిల్ మార్చక్కర్లేదు, పెట్రోల్ బంకు మొహం చూడక్కర్లేదు, చప్పుడే ఉండదు అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఆకులు రాలే రోజుల్లో ఆయనే ఓసారి వంగి చూసి, టైర్లు నున్నగా అరిగిపోయాయి, ఇవి మార్చాలి అన్నాడు. బ్యాటరీ వల్ల ఈ కారు బరువెక్కువ, పైగా కాలు పెట్టగానే దూకుతుంది, అందుకే టైర్లు తొందరగా అరుగుతాయట. (అమ్మేటప్పుడు ఈ ముక్క ఆయనకి గుర్తుకు రాకపోవడం కూడా బరువు వల్లే అయ్యుండాలి.) మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడి మంచు మీద జారుతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉండి పట్టుకుంటుంది, నాలుగూ ఒకటే రకం ఉండాలి, ఇంత బరువు మోసేవే తీసుకోవాలి అని పాఠం చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడే నేను వీడియో కాల్‌లో ఈ సంగతి అమ్మతో అన్నాను.

మా అమ్మ ఒంగోల్లో ఇన్సూరెన్స్ ఏజెంటు. మనిషికి ఎన్ని విధాలుగా ప్రమాదం రావచ్చో ఆవిడకి వృత్తిరీత్యా కంఠతా వచ్చు. ఆ సాయంత్రమే కెనడా మంచులో జారే కార్ల వీడియోలన్నీ చూసేసి, రబ్బర్లో చిన్న చిన్న మేకులు దిగ్గొట్టిన టైర్లు ఉంటాయని కనిపెట్టింది. అవే కొనాలంది. ఛార్జింగ్ అన్న ఫోన్ తీసుకుని, ఆంటీ, మేకులుంటే రోడ్డు మీద చప్పుడొస్తుంది, ఛార్జ్ కూడా తొందరగా అయిపోతుంది, మేకుల్లేని వింటర్ టైర్లు చాలు అని శాంతంగా వివరించాడు. అమ్మ అంతా విని, "బాబూ, చప్పుడొస్తే ఎదుటివాడు తప్పుకుంటాడు. మంచిదేగా?" అంది. ఆయన ఫోన్ నా చేతికిచ్చి, తన కారు ఛార్జింగ్ చూసుకోవాలని వెళ్లిపోయాడు.

మేకుల టైర్లు, వాటికి విడిగా స్టీలు చక్రాలు అని తేలిపోయింది. చక్రాలతో సహా తీసుకుంటే ఏటేటా మార్చుకోవడం తేలికట. నాకు సెలవు శనివారం, ఆదివారం. ఆదివారం షాపు మూత. శనివారానికి స్లాట్ చూసుకుని అమ్మకి చెప్పాను. శనివారం ఇనుము ఇంటికి తెస్తావా అని అడిగింది. టైర్లంటే రబ్బరమ్మా అన్నాను. మేకులో, చక్రాలో అంది. మేకులు కావాలన్నది ఆవిడేనని గుర్తు చేసే ధైర్యం నాకు లేదు. శుక్రవారమే డబ్బు కట్టేసి శనివారం తెచ్చుకుంటానంటే, శుక్రవారం ఇంట్లో లక్ష్మిని బయటికి పంపుతారా అంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు. ఆ సోమవారం అమావాస్య. గురువారం షాపులో ఖాళీ లేదు. మా రూమ్మేట్ వరంగల్ అక్క మంచం మీద పడి నవ్వుతూనే, "ఇగ బుధవారమే నీ దిక్కు. ఆఫీసుల ఏం జెప్తవో నువ్వే జూస్కో" అంది. విసుక్కుని అమ్మ మాట పక్కన పెడదామనుకున్నాను కూడా. కానీ ఆవిడ ఆ వారమంతా సరిగ్గా నిద్రపోలేదని నాన్న చెప్పాడు. ఇక నా వల్ల కాలేదు.

ప్రొబేషన్‌లో ఉన్నదాన్ని, టైర్ల కోసం సెలవడగడమంటే మాటలా. అదీ చలికాలం సాకు చెల్లదన్న మనిషిని. అద్దం ముందు రిహార్సల్ చేసుకుని వెళ్లి, మా ఇంట్లో ఒక ఆచారం ఉంది, బుధవారం పొద్దున నేను తప్పకుండా ఉండాలి అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు (ఎక్కడ ఉండాలో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు). మేనేజరమ్మ మొహంలోకి ఒక్కసారిగా భక్తి వచ్చింది. తప్పకుండా వెళ్లు, ఆ పూట నేనూ ఉండను, పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి అంది. సాయంత్రానికి ల్యాబ్ అంతా పాకింది. పక్క టేబుల్ అతనొచ్చి, ఈ పండక్కి ఏమని విష్ చేయాలి అని వినయంగా అడిగాడు. ఊరికే హ్యాపీ అంటే చాలన్నాను.

మంగళవారం రాత్రి మొదటి మంచు పడింది. బుధవారం పొద్దున అరిగిన టైర్లతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, వరంగల్ అక్క పక్కన కూర్చుని దేవుళ్లందరి పేర్లూ పిలుస్తుండగా, షాపు చేరాను. ఒక చేతిలో స్టీలు పళ్లెం, అందులో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. ఇంకో చేతిలో ఫోన్, అందులో అమ్మ. బిగించే ముందే టైర్లకి బొట్టు పెట్టాలని ఆజ్ఞ. వెయిటింగ్ రూమ్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి, ఎదురు కుర్చీలో కాఫీ కప్పు పట్టుకుని మా మేనేజరమ్మ. అద్దంలోంచి అవతల ఆవిడ పికప్ ట్రక్కు గాల్లోకి లేచి ఉంది, చక్రాల్లేకుండా.

ఆవిడ నన్ను చూసింది. పళ్లెం చూసింది. నిమ్మకాయల్ని ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. ఇదేనా ఆచారం అని అడిగింది. ఉద్యోగం పోయింది, పీఆర్ పోయింది, ఒంగోలు టికెట్ కళ్ల ముందు కనపడింది. అలాంటప్పుడు బుద్ధున్నవాళ్లు నోరు మూసుకుంటారు. నేను మాత్రం, మీ పళ్లు ఎలా ఉన్నాయండీ అన్నాను. వరంగల్ అక్క గోడ వైపు తిరిగింది. మేనేజరమ్మ చెవులు ఎర్రబడ్డాయి, కానీ నవ్వలేదు.

ఇంతలో ఫోన్లోంచి, ఎవరే ఆవిడ అని అమ్మ. మేనేజరని గొణిగాను. ఏదీ, ఇటు తిప్పు అంది. తిప్పాను, అమ్మ తిప్పమంటే తిప్పకుండా ఉండే అలవాటు నాకు లేదు. అమ్మ కొంగు సర్దుకుని, దండం పెట్టి, తెలుగులో మొదలుపెట్టింది.

"నమస్కారమమ్మా. మా పిల్లకి మంచు కొత్త. దానికి భయం తెలీదు, అందుకే నాకు భయం. చీకట్లో ఏడింటికి రమ్మంటున్నారట. కాస్త తెల్లారాక రానివ్వండి. ఉద్యోగం ముఖ్యమే, నేను కాదనను. పిల్ల అంతకంటే ముఖ్యం కదా."

మా అమ్మ మీకు థాంక్స్ చెబుతోందండీ అని నేను ఇంగ్లీషులో చెప్పాను. అంత చెబితే ఇంతేనా అని అటునుంచి అమ్మ. మొత్తం చెప్పు అని ఇటునుంచి మేనేజరమ్మ. ఇద్దరి మధ్య నిలబడి ఒక్కో ముక్కే చెప్పాను. శనివారం ఇనుము సంగతి కూడా చెప్పేశాను, ఇక దాచడానికి ఏం మిగిలింది గనక. పిల్ల ముఖ్యం కదా అన్న ముక్క మాత్రం రెండుసార్లు చెప్పాను. ఉద్యోగం కోసం కాదు, ఆ మాట అమ్మ నాతో ఎప్పుడూ అనలేదు.

మేనేజరమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది. తనది ఇక్కడి రైతు కుటుంబమేనట. శుక్రవారం విత్తనం వేయడానికి వాళ్ల బామ్మ ఒప్పుకునేది కాదట. తాతగారు ట్రాక్టర్ ఎక్కి కూర్చుని విసుక్కునేవారట, అయినా దిగి వచ్చేసేవారట. తర్వాత, మానేసిన ఆ ఇద్దరూ ఎందుకు రాలేకపోయారో నేనెప్పుడూ అడగలేదు అని తనలో తను అనుకున్నట్టు అంది. నా వైపు తిరిగి, "రోడ్లు బాగుపడేదాకా తొమ్మిదింటికి రా, సాయంత్రం ఆ మేరకి ఉండు. మీ అమ్మకి చెప్పు, నువ్వు తొందరగా చేరక్కర్లేదు, చేరితే చాలు" అంది.

చెప్పాను. అమ్మ ముక్కు తుడుచుకుని, ఆవిడ నంబరు తీసుకో, చేరినట్టు ఆవిడనే చెప్పమను, నువ్వు మర్చిపోతావు అంది. మేనేజరమ్మ నంబరిచ్చింది. నాలుగు టైర్లకీ బొట్లు పెట్టాను. తన ట్రక్కుకి కూడా పెడతావా అని ఆవిడ కాస్త సిగ్గుపడుతూ అడిగింది. పెట్టాను.

మర్నాడు బయల్దేరాను. చప్పుడే లేదని ఊరంతా చెప్పుకున్న కారు, దారి పొడుగునా వేరుశనగలు వేయించినట్టు చిటపటలాడుతూ, ఎక్కడా జారకుండా నడిచింది. ల్యాబ్ తలుపు దగ్గర మేనేజరమ్మ నిలబడి ఉంది, కోటు కూడా వేసుకోకుండా. కారు ఫోటో తీసింది. నేను సీటు బెల్టు విప్పేలోగా, చేరావటగా అని అమ్మ మెసేజ్ వచ్చింది. అందరూ చూస్తుండగా చిన్నపిల్లని చేశారని నాకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాతి ఏళ్లలో ప్రొబేషన్ దాటింది, పీఆర్ వచ్చింది, మేనేజరమ్మ రిటైరైంది. అమ్మా ఆవిడా ఇప్పటికీ ఫోటోలు పంపుకుంటారు, ఒకరి భాష ఒకరికి రాకుండానే.

ఈ ఏడు మా ల్యాబ్‌లో నల్లగొండ అమ్మాయి ఒకతె చేరింది. మొన్న మొదటి మంచు పడిన పొద్దున ఆ అమ్మాయి ఇంకా రాలేదు. టేబుల్ మీద బోలెడు పని ఉంది. నేను మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయాను, దూరంగా కారు లైట్లు ఇటు తిరిగేదాకా. ఆ అమ్మాయి దిగి, నన్ను చూసి మొహం ముడుచుకుని, "ఏందక్కా, చలిలో నిలబడ్డవ్?" అంది.

ఊరికేనే అన్నాను.