యంత్రం కంటికి బొట్టు

దేముడమ్మకు యంత్రం ముందు నిలబడటం ఏనాడూ ఇష్టం లేదు. ముందు నిలబడితే కనిపించేదేముంది, బకెట్టు మట్టిని కొరకడమే కదా! అసలు పనంతా వెనకాలే ఉందని ఆమె నమ్మకం. మట్టి తవ్వే ఆ ప్రొక్లెయిన్ నడిపేవాడికి ముందున్నది కనిపిస్తుంది గానీ వెనకున్నది కనిపించదు. ఆ కనిపించనిదాన్ని చూసిపెట్టడానికి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడే మనిషి దేముడమ్మ. గుడ్డ పైకి లేస్తే ఆగమని, పక్కకు ఊగితే తిరగమని అర్థం. ఆమెకు వచ్చిన చదువంతా ఇదే, బతుకంతా దీనితోనే వెళ్లదీసింది.

అండమాన్‌లో పుట్టిన మనిషే. అమ్మా నాన్నా సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి బాంబూఫ్లాట్‌లో గుడిసె వేసుకున్నారు. పెళ్లయిన ఏడే దేముడమ్మ నెత్తిమీదికి తట్ట వచ్చింది. ఈ దీవుల్లో చదునైన నేల ఎక్కడుంది గనక? ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా ముందు కొండకు గండి కొట్టాలి. మగవాళ్లు గునపాలతో తవ్వితే ఆడవాళ్లు మోసేవాళ్లు. పొద్దున్నే లాంచీ ఎక్కి అవతలి ఒడ్డున చాతం రేవులో దిగడం, సాయంత్రం ఎర్రమట్టి కొట్టుకున్న చీరతో అదే లాంచీలో తిరిగి వెళ్లడం. మొగుడు పోయినా ఆ లాంచీ తప్పలేదు.

తర్వాత కాంట్రాక్టరు యుగంధర్ ఓడలో ఒక ప్రొక్లెయిన్ తెప్పించాడు. మిడిల్ పాయింట్‌లో ఆఫీసున్న మనిషి, కాకినాడ వాళ్లు. యంత్రం వచ్చిన వారానికే తట్టలు మోసేవాళ్లందరినీ ఇంటికి పంపేశాడు. దేముడమ్మ కూడా పోవలసిందే. పోయే రోజున యంత్రం గిర్రున తిరుగుతూ వెనకాల కూర్చుని బీడీ కాల్చుకుంటున్న మేస్త్రీ మీదికి రాబోయింది. దేముడమ్మ కొండ అదిరేలా కేక వేసింది. మేస్త్రీ బతికాడు, దేముడమ్మకు పని మిగిలింది. ఆ రోజు తలకు చుట్టుకున్న ఎర్రగుడ్డే ఆమె చేతిలోకి వచ్చింది.

ఆమె తమ్ముడి కొడుకు మణికుమార్‌ను ఆ యంత్రం ఎక్కించింది కూడా ఆమే. యుగంధర్ కాళ్లావేళ్లా పడి, "నా మేనల్లుడు బాబూ, సెయ్యి మంచిది" అని బతిమాలింది. కుర్రాడు పని నేర్చుకున్నంతకాలం అద్దంలో అత్త ఎర్రగుడ్డను చూసుకుంటూనే నేర్చుకున్నాడు. ఆమె గుడ్డ ఊపనిదే లివరు మీద చెయ్యి కదిపేవాడు కాదు. దేముడమ్మకు అదొక గర్వం. లాంచీలో పక్కన ఎవరు కూర్చున్నా ఈ సంగతి చెప్పకుండా వదిలేది కాదు.

ఇక అక్కణ్నుంచి కొత్తవి ఒక్కొక్కటీ వచ్చిపడ్డాయి. కొండను కొలవడానికి డ్రోన్ వచ్చింది. మనుషులు తాళ్లు లాగి, మేకులు కొట్టి, సున్నం చల్లి రోజుల తరబడి చేసే కొలతను, అది ఒక టీ తాగేలోపు పైనుంచి తిరిగి చేసేసింది. తర్వాత యంత్రం నెత్తిన రెండు యాంటెనాలు మొలిచాయి. కేబిన్లో తెర పెట్టారు. కొండ మొత్తం ఆ తెర మీద రంగుల్లో ఉంటుంది. ఎర్రగా ఉన్నచోట తవ్వాలి, నీలంగా ఉన్నచోట నింపాలి, సరైన మట్టానికి రాగానే పచ్చబడుతుంది. బకెట్టు పళ్లు ఎంత లోతులో ఉన్నాయో పైనున్న ఉపగ్రహాలు చెబుతాయట. తాళ్లు పట్టేవాళ్లు పోయారు. కర్ర పట్టుకుని మట్టం చూపించేవాడూ పోయాడు. వాళ్ల పని పోయినందుకు దేముడమ్మ జాలిపడింది, తన పని పోనందుకు లోలోపల మురిసింది కూడా. మనిషి కదా, అలాగే ఉంటుంది.

మిన్నీ బే దగ్గర కొండవాలు పని మొదలైనప్పుడు కొత్త యంత్రం దిగింది. దానికి నాలుగు వైపులా కెమెరాలు.

యుగంధర్ ఆమెను పిలిచాడు. "దేముడమ్మా, ఇంక నువ్వు వానలో నిలబడక్కర్లేదు. దీనికి చుట్టూ కళ్లొచ్చేశాయి. మనిషి దగ్గరికొస్తే అదే అరుస్తాది, అదే ఆగిపోద్ది."

"మరి నానేటి సెయ్యాల బాబూ, ఎనకాల?"

"వెనకాల నీకేం పని? కుచ్ నహీ. టీ కాచు, షెడ్డు ఊడువు. ఆరామ్ సే ఉండు."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. దయగానే అన్నానని అనుకుని ఉంటాడు కూడా.

అంతటితో వదిలేసినా బాగుండేది. కెమెరాలు సరిగా పని చేస్తున్నాయో లేదో చూడాలి కదా, దానికి యంత్రం వెనకాల ఒక మనిషి కావాలి. దేముడమ్మనే నిలబెట్టారు. ఆమె అడుగు ముందుకేస్తే కేబిన్లో కుయ్యోమని మోత. తెర మీద ఆమె చుట్టూ ఒక గీతల పెట్టె. అందరూ కేబిన్ తలుపు దగ్గర మూగి చూస్తున్నారు.

"అత్తా, ఇంకొంచెం దగ్గరికి రా! దొరికిపోయావ్!" అని మణికుమార్ కేకలు వేస్తున్నాడు.

వంగమన్నారు, వంగింది. కూర్చోమన్నారు, కూర్చుంది. నేల మీద పడుకుంటే గుర్తుపడుతుందా అని ఎవరికో సందేహం వచ్చింది. పడుకోమన్నారు. బురదలో పడుకుంది. యంత్రం గుర్తుపట్టింది. చప్పట్లు కొట్టారు. తన పనిని తీసుకుపోయే దానికి తనను అన్ని వైపుల నుంచీ చూపించి, చీర దులుపుకుని, దేముడమ్మ షెడ్డులోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఎర్రగుడ్డను మడిచి బియ్యం సంచి కింద పెట్టింది.

టీ కాచడం కష్టమేమీ కాదు. కష్టమల్లా కాళ్లతోనే వచ్చింది. అలవాటు పడిన కాళ్లు ఊరుకోవు కదా! గ్లాసులు తీసుకెళ్తూ తెలియకుండానే యంత్రం వెనక్కి పోయేది. వెంటనే అది అరిచేది, నెమ్మదించేది. మణికుమార్ తలుపు తెరిచి విసుక్కునేవాడు.

"అత్తా, హటో! నువ్వొస్తే మిషను ఆగిపోతంది. పని అవట్లేదని యుగంధర్ భయ్యా నన్ను తిడతన్నాడు. సమఝ్ నహీ ఆతా క్యా?"

ఎవరిని కాపాడటానికి ఆమె అక్కడ నిలబడిందో వాడే ఆమెను కుక్కను అదిలించినట్టు అదిలించాడు. దేముడమ్మకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అని చెప్పుకుంది. కొన్నాళ్లకు చెట్టుకొమ్మ తగిలి యంత్రం పక్క అద్దం పగిలిపోయింది. కెమెరా ఉండగా అద్దమెందుకని ఎవరూ కొత్తది బిగించలేదు. మణికుమార్ దాని వంక చూడటం అంతకు ముందే మానేశాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున యంత్రానికి బొట్టు పెట్టే అధికారం మాత్రం ఇంకా దేముడమ్మదే. ఆమె చేతితో బొట్టు పెడితే ఏడాదంతా ప్రమాదం జరగదని యుగంధర్‌కు గట్టి నమ్మకం. ఇక్కడ ఆ రోజుల్లో ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. నీళ్లతో తడిపిన పసుపు గడియసేపు నిలవదు. అందుకని ఇక్కడి ఆడవాళ్లు యంత్రాలకూ పడవలకూ పెట్టే పసుపును కొబ్బరినూనెతో కలుపుతారు. అలా పెట్టిన బొట్టు ఎంత వానకూ కరగదు. దేముడమ్మ కూడా అలాగే చిక్కగా కలిపింది. బకెట్టు పళ్లకు పెట్టింది, గొలుసులకు పెట్టింది, లైట్లకు పెట్టింది. తర్వాత అడిగింది.

"ఒరే మణీ, దీని కల్లు ఏవిరా?"

వాడు నవ్వి చుట్టూ తిప్పి చూపించాడు. వెనక కెమెరా బొటనవేలి గోరంత ఉంది. దేముడమ్మ దాని ఎదురుగా నిలబడి కళ్లు మూసుకుంది. పెదవులు చాలాసేపు కదిలాయి. ఆమె దుర్గమ్మను అడిగింది ఒక్కటే. 'తల్లీ, నా సోటు నాకియ్యి.' కళ్లు మూసుకునే బొటనవేలు చాచి, ఆ కంటి మీద నిండుగా బొట్టు పెట్టింది. కొంచెం పైకి, నొసటి మీద పెట్టినట్టు పెట్టి ఉండవచ్చు. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆ నిమిషాన ఆమెనే అడిగినా చెప్పగలిగేది కాదు.

"కెమెరా మీద వద్దేమో అత్తా, సాఫ్ కర్ దేతా హూఁ" అన్నాడు మణికుమార్.

"తుడిసెయ్యకు! అపచారం. అమ్మవారి బొట్టు దానంతటదే పోవాల."

యుగంధర్ చేతులు జోడించి పక్కనే ఉన్నాడు. ఆయనకు దేవుడంటే భయం. గుమ్మడికాయ కొట్టించి, అందరికీ లడ్డూలు పంచి, మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాలని చెప్పి వెళ్లిపోయాడు. వాలు చెక్కి గోడ లేపకపోతే, పైన తడిసిన మట్టి జారిపోతుందని ఆయనకు ఇంకో భయం.

మర్నాడు వాన పడుతూనే ఉంది. యంత్రం లేవగానే తెర మీద వెనకవైపు బొమ్మంతా పసుపు. కెమెరాకు ఏదో అడ్డం ఉందని మోత. మణికుమార్ దిగి తుడవాలనుకున్నాడు. అపచారమన్న అత్త మాట గుర్తొచ్చింది. వానే కడిగేస్తుందిలే అనుకుని, మోత ఆగేలా ఒక మీట నొక్కాడు. దానితో బాటు మనుషుల్ని గుర్తుపట్టే ఏర్పాటు కూడా ఆగిపోయింది. తలుపు బిగించుకున్నాడు. లోపల ఏసీ, చెవుల్లో పాటలు.

షెడ్డులో టీ వంచుతున్న దేముడమ్మ ఒక సంగతి గమనించింది. కూలీ ఒకడు యంత్రం వెనకనుంచే నడిచి వెళ్లాడు. యంత్రం అరవలేదు. నెమ్మదించలేదు. అంతే, ఆమెకు అంతా అర్థమైపోయింది. దాని వెనక కన్ను మూసుకుపోయింది. ఇప్పుడు వెనకాల చూసే దిక్కు లేదు.

అప్పుడు ఆమెకు కలిగింది భయం కాదు, సంతోషం. దాచి లాభం లేదు, పట్టరాని సంతోషం. గిన్నె పొయ్యి మీదే వదిలేసి, బియ్యం సంచి కింది ఎర్రగుడ్డ లాగి, దులిపి, వానలో పరుగెత్తింది. కేబిన్ పక్కకు వెళ్లి అరిచింది.

"మణీ, ఎనకాల నానున్నాను! నాను సూసుకుంతాను!"

వాడికి మాట వినపడలేదు. అత్త మళ్లీ టీ పట్టుకొచ్చిందనుకుని, ఇప్పుడొద్దు పో అన్నట్టు చెయ్యి ఊపాడు. సరే కానీమన్నాడని ఆమె అనుకుంది.

వెళ్లి తన చోట నిలబడింది. వెనక చెక్కిన కొండ, ముందు యంత్రం వీపు. ఆ మధ్యనే ఆమె ఇన్నేళ్లూ నిలబడింది. పాత రోజుల్లో అయితే అద్దంలో వాడి కళ్లు ఆమెను వెతుక్కునేవి. ఇవాళ ఆ అద్దమే లేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. బకెట్టు నిండింది. యంత్రం తిరగడం మొదలుపెట్టింది. మరీ దగ్గరగా వస్తోంది. దేముడమ్మ గుడ్డ పైకెత్తింది.

యంత్రం ఆగలేదు.

కొండకూ ఇనుముకూ మధ్య ఆమె వేసిన కేక కూలీలందరికీ వినపడింది. కేబిన్లోకి వెళ్లలేదు. ఎవరో గునపంతో తలుపు బాదితే గానీ మణికుమార్ చెవుల్లోంచి పాట తియ్యలేదు.

ఆస్పత్రిలో కుడికాలు తొడ దాకా తీసేశారు. తెలివి వచ్చిన కొన్నాళ్లకు చాందిని అనే అమ్మాయి వచ్చింది. యుగంధర్‌కు పనిచ్చిన కంపెనీ తరఫున ప్రమాదాల సంగతి చూసే ఆఫీసరు. దీవుల్లో పుట్టిన తెలుగు పిల్లే, మాట సగం హిందీ. వెనకాల యుగంధర్, తలుపు దగ్గర మణికుమార్. తల ఎత్తి అత్త వంక చూడలేదు వాడు. వాడి లైసెన్సు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు అత్త చెప్పే మాట మీద తేలుతుంది.

"ఆంటీ, ఏక్ బార్ దేఖియే. కెమెరా అంతా రికార్డ్ చేస్తుంది" అని చాందిని ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది.

తెర మీద దేముడమ్మ. దగ్గరగా, పెద్దగా. కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. మాట వినపడదు. తర్వాత బొటనవేలు పెరుగుతూ పెరుగుతూ వచ్చి అంతా పసుపు అయిపోయింది. చాందిని బొమ్మను ముందుకు జరిపింది. పసుపే. ఇంకా జరిపింది. పసుపు ఒకచోట కొంచెం అదిరింది. అక్కడే ఆమె కాలు పోయింది. దేముడమ్మ ఆ అదురును చూసింది గానీ అదేమిటో ఎవరూ చెప్పలేదు.

ఆఖరున పసుపు మీదికి ఎర్రగా ఏదో వచ్చింది. గుండ్రంగా తిరిగింది. తుడిచింది. ఆమె గుడ్డ అది. నేల మీద పడి ఉన్నదాన్ని చేతికి అందిందని తీసుకున్నట్టున్నారు. గుడ్డ పక్కకు తప్పుకుంటే మణికుమార్ ముఖం కనిపించింది. ఇప్పుడు బాగా కనిపిస్తోందా అన్నట్టు కెమెరాలోకి తొంగిచూసి, గుడ్డను పక్కకు విసిరేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత తడిసిన కొండ, కడిగినట్టు స్పష్టంగా. అక్కడ ఎవరూ లేరు.

"పూజ చేసేటప్పుడు ఏం చెప్పుకున్నారు ఆంటీ?"

దేముడమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"జానే దీజియే, పోనివ్వండి. ఒక్కటి చెప్పండి చాలు. అక్కడ నిలబడమని మీకు ఎవరైనా చెప్పారా? వెనకాల మీకేం పని?"

మణికుమార్ అప్పుడు చూశాడు ఆమె వంక. అద్దంలో చూసే రోజుల్లో ఎలా చూసేవాడో అలాగే, ఆమె ఊపితే గానీ కదలనన్నట్టు.

"ఏటీ లేదమ్మా. ఎనకాల నాకేటీ పని లేదు" అంది దేముడమ్మ.

మణికుమార్ గట్టిగా ఊపిరి వదిలాడు. యుగంధర్ అతని భుజం తట్టి, వాన తగ్గింది పద, పని ఆగిపోయిందన్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.