టేపు మీద బొట్టు

కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేటిరా అనేది మా అత్త. నిజమే, నాకు చిన్నప్పట్నించీ ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. వీధి తలుపు గడియ వేసి, పడుకుని, మళ్ళీ లేచి వెళ్ళి వేశానో లేదో చూసుకునే రకం. అలాంటివాడికి ఏ ఉద్యోగం ఇవ్వకూడదో సరిగ్గా అదే ఇచ్చారు.

అరవయ్యో దశకం చివరి రోజులవి. కలకత్తాలో గోగునార కొనే ఒక కంపెనీ. చల్లటి గదిలో కంప్యూటరు, దాని పక్కన బీరువాలంత టేపు యంత్రాలు. మా వైపు పల్లెల్లో ఏ రైతు ఏ నేలలో ఏ విత్తనం వేస్తున్నాడో, నార ఎలా దిగుతోందో కాగితాల మీద రాసుకొచ్చి, ఆ వివరాలన్నీ టేపుల్లోకి ఎక్కించేవారు. టేపంటే అయస్కాంతం పూత పూసిన గోధుమరంగు రిబ్బను, పెద్ద రీలుకి చుట్టి ఉంటుంది. నా పని ఆ రీళ్ళు ఎక్కించడం, దించడం, ముఖ్యంగా కాపీలు తీయడం. వారం వారం కొత్త కాపీ తీయాలి. కొత్తదాన్ని కొడుకనీ, కిందటి వారం దాన్ని తండ్రి అనీ, అంతకు ముందుదాన్ని తాత అనీ పిలిచేవాళ్ళం. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని.

ముగ్గురినీ ఒకే గదిలో పెట్టుకుంటే నిప్పంటుకున్న రోజు ముగ్గురూ పోతారని మా పెద్దాఫీసరుకి భయం పట్టుకుంది. కలకత్తాలో రోజుకో గొడవగా ఉన్న కాలం. ఒక కాపీ దూరంగా విజయనగరం బ్రాంచిలో ఉంచాలని తేల్చారు. నాది ఆ ఊరే కాబట్టి రీలుతో పాటు నన్నూ పంపేశారు. బ్రాంచి గోడౌను నిండా నార ధూళి, ధూళి పడితే టేపు ఖతం. శుభ్రమైన చోటు చూసి పెట్టుకోమన్నారు. నేనుండే మా అత్తవాళ్ళింట్లో లోపలి గది చూశాను.

మా మావ, అంటే అత్త మొగుడు, మృదంగం వాయించేవాడు. చెమ్మకీ ఎండకీ మూతల తోలు పాడవుతుందని మృదంగాన్ని ఆ గదిలోనే ఉంచేవాడు. నా రీలు డబ్బాని దాని పక్కనే పీట మీద పెట్టించాడు. ఇది తాత అని చెప్తే తెగ నవ్వాడు. "ఒరే, మీ తాత బతికున్నన్నాళ్ళూ ఈ ఇంటి గడప తొక్కనేదు. ఇన్నాళ్ళకి డబ్బాలో కూకుని వొచ్చినాడా" అన్నాడు.

నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ రీలు బాగుందో లేదో తెలుసుకునే దారే లేదు. చదివే యంత్రం ఉన్నది కలకత్తాలో. కాగితమైతే చూసుకోవచ్చు, ధాన్యమైతే గుప్పిట్లో పట్టి చూసుకోవచ్చు, దీన్నేం చూస్తాం? మధ్యాహ్నం పూట ఆఫీసు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, డబ్బా మూత బిగువుగా ఉందో లేదో తడిమి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. అన్నం తింటూ లేచి వెళ్ళేవాణ్ణి. ఈ కుర్రోడికి ఏటో పట్టిందని అత్త మావతో అనడం రెండుసార్లు నా చెవిన పడింది.

దసరా వచ్చింది. ఆ రోజు పొద్దున్నే రైతుల కాగితాల కోసం నెల్లిమర్ల వెళ్ళి, ఎండెక్కాక తిరిగొచ్చాను. లోపలి గదిలో ఆయుధపూజ అయిపోయింది. మృదంగం, దాని శ్రుతి సరిచేసే రాయీ పుల్లా, అత్త కత్తిపీట, ఎదురింటివాళ్ళ రంపం, అన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా పసుపు, కుంకుమ, బంతిపువ్వు. వాటి మధ్యలో డబ్బాలోంచి బయటికి తీసిన నా రీలు. పైచుట్టు మీద తడి పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు.

"ఎవరు తీసినారు దీన్ని?" అని అరిచాను.

"నానేరా. నీకు అన్నం పెట్టేది గదా. నా మద్దెలకి పెట్టి నీదానికి పెట్టకపోతే ఎలాగ?" అన్నాడు మావ. ఆ మొహంలో సంతోషం ఇంకా పోలేదు.

నేను అన్న మాటలన్నీ ఇప్పుడు రాయలేను. నీ చాదస్తం నా ఉద్యోగం తినేసింది అన్నది గుర్తుంది. మద్దెల వాయించుకునేవాడికి ఇదేం తెలుస్తుంది అన్నది ఇంకా బాగా గుర్తుంది. ఆయన కుంకుమ అంటిన వేళ్ళని పంచెకి తుడుచుకుంటూ వీధరుగు మీదకి వెళ్ళిపోయాడు.

కంప్యూటరు హాల్లో యంత్రాలని స్పిరిటుతో తుడిచేవాళ్ళు. టేపుని మాత్రం వేలితో కూడా ముట్టుకోకూడదు, అది మొదటి రోజే చెప్పారు. తెలిసీ మందులషాపుకి పరుగెత్తి స్పిరిటు, దూది తెచ్చాను. తలుపేసుకుని టేపు కొస లాగి తుడవడం మొదలెట్టాను. బొట్లు పోయాయి. అక్కడితో ఆగితే సరిపోయేది. కింది చుట్టుకి కూడా దిగిందేమోనని ఇంకో రెండు బారలు లాగాను. అక్కడేదో ఎర్రగా కనబడింది. ఇంకో నాలుగు బారలు. గది నిండా టేపు పాములా చుట్టలు పడింది. నలభై బారలో యాభై బారలో తుడిచేశాక చూస్తే దూదికి ఎరుపు లేదు, గోధుమరంగు ఉంది. కుంకుమ గోధుమరంగులో ఉండదని నాకు తెలుసు. తెలిసినా తుడిచిన దూదిని పొయ్యిలో వేసి, టేపుని మళ్ళీ చుట్టి, డబ్బా మూసేశాను.

నాలుగు రోజులకి టెలిగ్రాం వచ్చింది, రీలు తీసుకుని వెంటనే రమ్మని. అక్కడ ఒక యంత్రం పాడై కొడుకు రీలుని సాగదీసేసిందట. తప్పు రీలుదే అనుకుని, తండ్రి రీలుని కూడా తీసుకెళ్ళి అదే యంత్రానికి ఎక్కించారట. ఇక మిగిలింది నా ఒళ్ళో ఉన్నదొక్కటే. కలకత్తా రైలు నౌపడ ఉప్పుమళ్ళు దాటేటప్పుడు డబ్బా మూత ఎన్నిసార్లు తీసి పెట్టానో, ఎదురుగా కూర్చున్న ఆవిడ అందులో ఏం తినేదుందని అడిగింది.

ఎక్కించే ముందు ఇంజనీరు పైచుట్టు మీద మిగిలిన పసుపు మరక చూశాడు. ఏమిటిది అన్నాడు. మా మావ పూజలో పెట్టాడు అన్నాను. ఆయన నవ్వి మరక ఉన్న కొసని కత్తెరతో కత్తిరించి బుట్టలో వేశాడు. "ఇక్కడేమీ ఉండదు కదయ్యా, వెండి బిళ్ళ అతికించిన చోటు నుంచే కదా రాయడం మొదలు. నీకు తెలియదా?" అన్నాడు. తెలుసు. శిక్షణలో రెండో రోజు నేర్పారు. ఆ దసరా రోజున ఒక్క క్షణం నిలబడి ఆలోచించి ఉంటే గుర్తొచ్చేది.

యంత్రం ఆ బిళ్ళ దాటి కొంచెం దూరం వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవబోయింది, మళ్ళీ ఆగింది. నేను తుడిచిన మేరంతా అంతే. ఆ తర్వాత మిగతాదంతా చక్కగా చదివింది. ఇంజనీరు టేపుని వెలుగులో పెట్టి చూశాడు. పూత లేచిపోయి చారలు. ఈసారి నవ్వలేదు. "దీన్ని ఎవరో రుద్దారు. ఎవరు?"

"మా మావే" అన్నాను.

ఆలోచించి అనలేదు. ఒకసారి ఆయన పేరు చెప్పాను కదా, రెండోసారి నాలుక దానంతటదే తిరిగింది. పెద్దాఫీసరు నా వైపు జాలిగా చూశాడు. ఇంట్లో మూఢభక్తి ముసలాయన ఉంటే కుర్రాడేం చేస్తాడని నన్ను వదిలేశారు. పోయిన పల్లెల వివరాలు పాత కాగితాలు చూసి, కంప్యూటరు చదివే చిల్లుల కార్డుల మీద మళ్ళీ గుద్దుకున్నారు. ఇక మీదట రీళ్ళు ఇళ్ళల్లో పెట్టకూడదని రూలు పెట్టారు. నా ఉద్యోగం నాకుంది.

వారం తర్వాత విజయనగరం తిరిగొచ్చేసరికి మావ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నేను సంచీ దించకముందే అడిగాడు.

"నా బొట్టు వల్ల నీకేటయినాదిరా? ఉజ్జోగం ఉన్నాదా?"

"ఉంది మావా. నీ బొట్టు వల్ల ఏటీ అవలేదు. నువ్వు పెట్టినకాడ అసలేటీ రాయరట" అన్నాను.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన "నాను బాధపడతానని అలాగంటన్నావు. నాకు తెలవదేటి? నీ మనసు మంచిదిరా" అని నా భుజం తట్టాడు. మిగతా సగం చెప్పబోయాను. ఇంతలో అత్త కాళ్ళకి నీళ్ళు తెచ్చింది. కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ మరుసటేడు దసరాకి మావ మృదంగాన్ని తుడిచి పీట మీద పెట్టాడు గానీ బొట్టు పెట్టలేదు. అత్త కుంకుమ భరిణె అందిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా సెయ్యొద్దే. మంచి సెయ్యి కాదు. ఆడు పెడతాడు" అని నన్ను పిలిచాడు.

వెళ్ళి పెట్టాను.