చెప్పకుండా లేచి వచ్చిన ఇల్లు

ఇక్కడ అమెరికాలో, మా ప్లేనో ఊళ్ళో రోజూ నా కార్‌లో ఆఫీస్‌కి వచ్చే ఐరిష్ మిత్రుడికి ఒకటే పిచ్చి, వాళ్ళ ఊరు. ట్రాఫిక్ ఆగిందంటే చాలు, ఊరి చరిత్ర ఎత్తుకునేవాడు. ఎప్పుడో దండెత్తి వచ్చిన నార్మన్లు కట్టిన కోటలో మిగిలిన ఒకే ఒక్క బురుజు, నది మీద రాతి వంతెన, ఊరి నడుమ సంత మైదానం. పశువుల సంతలో బేరం కుదిరితే అరచేతిలో ఉమ్మేసుకుని చేతులు కలిపేవారట. ఊరి చివర, కరువు రోజుల్లో దిక్కులేని జనాన్ని పెట్టిన పెద్ద రాతి భవనం. ఇప్పుడది మ్యూజియం.

"ఆకలితో చచ్చిన చోట టికెట్టా?" అని దెప్పితే, "పక్కనే కేఫ్ కూడా ఉంది, కేకులు బాగుంటాయి" అనేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చేది. రెండు వీధులు, ఒక మొండిగోడ. మా వైపు అలాంటి గోడలకి మేకల్ని కట్టేస్తారు.

ఈ చలికాలంలో వాళ్ళమ్మ పోయింది. అతని గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ ఇంకా నడుస్తోంది. ట్రావెల్ పర్మిషన్ రాకుండా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టేనని లాయర్ చెప్పాడు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలు కథే. మా నాన్న చితిని నేనూ ఫోన్‌లోనే చూశాను. అది తెలిసే కాబోలు, ఇంకెవరినీ కాకుండా నన్నూ నా భార్యనూ పిలిచాడు. వాళ్ళ చర్చిలో కెమెరా ఉంది, అంత్యక్రియలు లైవ్‌లో వస్తాయి, ఒక్కణ్ణే కూర్చుని చూడలేను, రమ్మన్నాడు.

తెల్లవారకముందే వెళ్ళాం. డైనింగ్ టేబుల్ మీద శాండ్‌విచ్‌లు, కప్పులు సర్ది ఉన్నాయి. కెమెరా ఎక్కడో పైకప్పు దగ్గర బిగించినట్టున్నారు, టీవీలో అందరి నడినెత్తులే కనిపిస్తున్నాయి. ప్రార్థన అయ్యాక పెట్టెను భుజాల మీద బయటికి తీసుకెళ్ళారు. ఖాళీ బెంచీలు మిగిలాయి. అతను నాకు ఇన్నేళ్ళూ వర్ణించిన ఊరంతా ఆ తలుపు అవతలే ఉంది, కెమెరా అటు తిరగదు. ఇప్పుడు వంతెన దాటుతారనీ, సంత మైదానంలో దుకాణాలవాళ్ళు తలుపులు మూసి నిలబడతారనీ ఆ బెంచీలకేసి చూస్తూ చెప్పాడు. కాసేపటికి లైవ్ కూడా ఆగిపోయింది. "టీ పెడతాను" అంటూ వంటింట్లోకి వెళ్ళాడు.

నా భార్య నాకేసి చూసింది. చావు జరిగిన ఇంట్లో మనం ఏమీ ముట్టం. వెళ్ళొస్తామనీ అనం. చప్పుడు కాకుండా లేచి, బూట్లు వేసుకుని వచ్చేశాం. ఇంటికొచ్చి తలస్నానాలు చేశాం. "ఏమండీ, ఆ బట్టలు కూడా వాషర్‌లో పడేయండి" అంది. పద్ధతి తప్పలేదని నాకు తృప్తిగా కూడా ఉంది.

మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "నేనేమైనా తప్పు చేశానా?"

పరుగున వెళ్ళి మన ఆచారం అంతా వివరించాను. ఓపిగ్గా విన్నాడు. వాళ్ళ ఊళ్ళో అయితే వచ్చినవాళ్ళు టీ తాగి, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుని, నవ్వి, ఏడ్చి గానీ లేవరట. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"ఇప్పుడు పెట్టు టీ. మీ అమ్మ గురించి చెప్పు" అన్నాను. ఎండిపోయిన శాండ్‌విచ్ ఒకటి తీసుకుని తిన్నాను కూడా.

"చెప్పాల్సింది పొద్దున" అన్నాడు. "అక్కడ అమ్మ మీద మట్టి పోస్తున్న టైమది. కప్పులు పట్టుకుని వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు."

టీ ఇచ్చాడు, ఇద్దరం తాగాం. అమ్మ మాట మాత్రం ఎత్తలేదు.

ఆ సోమవారం కార్‌లో నేనే సంత మైదానం సంగతి అడిగాను. ఇంకా అక్కడ పశువుల్ని అమ్ముతారా అని.

"అన్నీ ఊరి టూరిజం వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకో" అన్నాడు.