నేను కొట్టేసిన పేరా

ఆమె మీద నాకు కుళ్ళు. ఈ మాట ఇంత సూటిగా ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇన్నాళ్ళూ దానికి పరిశోధనలో పద్ధతి అనీ, ఆధారాల్లో కచ్చితత్వం అనీ పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని తిరిగాను. పద్ధతీ లేదు, తొక్కా లేదు! ఉత్త ఓర్వలేనితనం.

నాది కుప్పంలో యూనివర్సిటీ ఉద్యోగం. చెట్లు గాలిలోని కార్బన్‌ని పీల్చుకుంటాయి కదా, ఆ పీల్చినదానికి లెక్కగట్టి, ఎక్కడో పొగ వదిలే కంపెనీలకు అమ్ముతారు. అదే కార్బన్ మార్కెట్. మా వైపు మెట్ట రైతులు అందులోకి దిగితే వాళ్ళకు ఒరిగేదేమిటి, మోసపోయేది ఎక్కడ అని తేల్చి ప్రభుత్వానికి నోట్లు రాసివ్వడం మా పని. ఉద్యోగపు కాగితంలో దానికి పాలసీ ఎంగేజ్‌మెంట్ అని పేరు. నేను ఏళ్ళ తరబడి రాసిన నోట్లలో ఏవి ఏ ఆఫీసరు చదివాడో, ఏవి బజ్జీల పొట్లాలయ్యాయో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె నా తర్వాత చేరింది. నాకంటే పదేళ్ళు చిన్న, అందుకే 'మా చిన్నది' అంటాను. ఆమెది గుడుపల్లె దగ్గర ఒక పల్లె. వాళ్ళమ్మ కూలికి పోయి చదివించింది. మాకేమో మదనపల్లెలో సొంత ఇల్లు, పల్లెలో భూములు. పల్లెటూళ్ళ సంగతి ఒకరు నాకు చెప్పాలా అనుకునేదాన్ని. కానీ ఏ ఊళ్ళో దిగినా ఆడవాళ్ళు నాకు కుర్చీ వేసేవాళ్ళు, కబుర్లేమో ఆమెకు చెప్పేవాళ్ళు. ఆమె గడప పక్కన చతికిలబడి వాళ్ళతోపాటు అనపకాయలు ఒలుస్తూ నవ్వుతుంటే, నేను ప్రశ్నల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చునేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి పుంగనూరు దగ్గర ఒక పల్లెలో చెట్లు కొలిచే పని పడింది. ఛాతీ ఎత్తులో మాను చుట్టూ టేపు పట్టి, చుట్టుకొలత రాసుకుని, గుర్తుకోసం ఎర్ర పెయింట్‌తో నంబరు వేయాలి. ఒక రైతు పొలం గట్టున పెద్ద చింతమాను ఉంది. నేను బ్రష్ తీయగానే ఆమె సందేహించింది.

"అక్కా, ఇంట్లో వాళ్ళని కూడా ఒక మాట అడిగి పూద్దామా?"

"రైతు ఒప్పుకున్నాడు కదా. ఇంకెవర్ని అడగాలి?" అని కసిరాను. అడ్డు చెప్పకుండా డబ్బా మూత తీసి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి చింతమాను దగ్గర పెద్ద రభస. ఆ రైతు భార్య, జుట్టు కూడా ముడివేసుకోకుండా, మొగుణ్ణి దులిపేస్తోంది.

"నాకు ఒక్క మాట సెప్పకుండా మానును అమ్మేస్తివా? ఎవురికమ్మినావు? నోరు తెరిసి సెప్పు!"

"నేను అమ్మలేదు మే. వాళ్ళెవురో కొలిసిపోయినారు, అంతే."

"కొలిసేటోళ్ళు రంగు యాల పూస్తారు? నాకేం తెలీదనుకుంటివా?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. మా వైపు కట్టెల వ్యాపారి బేరం కుదిరిన మానుకే రంగు గుర్తు పెడతాడు. రంగు పడిందంటే రేపో మాపో రంపం వస్తుందని అర్థం. చిన్నప్పటినుంచి చూసిన సంగతే. అయినా తట్టలేదు, ఏం చదువో ఏమో! పాపం ఆయనకు రాత్రి కూడు కూడా పెట్టలేదట.

నేను గబగబా ఆయన సంతకం ఉన్న అనుమతి కాగితం తీసి చూపించాను. ఆ ఇల్లాలు ఇంకా రెచ్చిపోయింది.

"కాగితం నాకెందుకమ్మా? భూమి ఆయప్పది. మాను నాది!"

నేను కాగితం మడుచుకున్నాను. మా చిన్నదే ముందుకెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పు మాదేమ్మా. నిన్న నిన్ను అడగాల్సింది, అడగలేదు. మాను నీదెట్లాయనో సెప్పు, వింటాను" అంది. ఆ ఒక్క మాటతో ఆ ఇల్లాలు చల్లబడింది. ఇద్దరూ మాను కిందే కూర్చున్నారు. నేను కిరసనాయిలు గుడ్డతో నా నంబరును రుద్దుకుంటూ నిలబడ్డాను.

ఆ చింతమానును ఆమెకు వాళ్ళత్త అప్పగించిందట. కాయ దులపడం, గింజ తీయడం, పండు అమ్మడం అంతా ఆమె చేతిలోదే. మొగుడు వేలు పెట్టడు. మా చిన్నది అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నం దాకా ఇల్లిల్లూ తిరిగింది. చాలా ఇళ్ళలో అదే వరస. మరి కార్బన్ ఒప్పందం మీద సంతకం చేసేదేమో పట్టాలో పేరున్న మగవాడు. ఒకసారి సంతకం పడితే ఏళ్ళ తరబడి కొమ్మ నరకాలన్నా కంపెనీని అడగాలి. మానును చూసుకునే మనిషికి మాత్రం ఆ సంగతే తెలియదు.

తిరుగు బస్సులో పలమనేరు దాటేదాకా ఆమె రాస్తూనే ఉంది. రంగు పూసి తిట్లు తిన్నది నేను, అందులోంచి కొత్త సంగతి పట్టుకున్నది ఆమె.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఇలాంటి ఒప్పందాలకు ఒక నమూనా అంగీకార పత్రం తయారు చేయబోతూ, మదనపల్లెలో సమావేశం పెట్టింది. మా తరఫున ఒక నోటు పంపాలి, ఒక్కరు మాట్లాడాలి. మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"ఈసారి చిన్నమ్మాయి మాట్లాడుతుంది. నోటు బాగా రాసింది. నువ్వు పెద్దదానివి, ఒకసారి సరిచూసి ఇవ్వు."

మదనపల్లెలో! మా ఊళ్ళో, మా వాళ్ళందరి ముందు! నేను ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన పని ఆమెకిచ్చి, దాన్ని నా చేత్తోనే దిద్దమన్నారు.

నోటులో చివరి పేరా చింతమానుది. మానును చూసుకునే ఇల్లాలి సంతకానికి కూడా పత్రంలో చోటు పెట్టాలని అడిగింది. రంగు పూసింది నేనని ఎక్కడా లేదు. 'మేము పొరపాటు చేశాం' అని రాసింది. నన్ను కాపాడుతుందా ఈ పిల్ల, అని ఇంకా మండింది. ఆ పేరాను అడ్డంగా కొట్టేశాను. పక్కన 'ఒక్క ఇంటి ముచ్చట, ఆధారం చాలదు' అని రాశాను. ఆమె ఎన్ని గడపలు ఎక్కి దిగిందో నా కళ్ళతో చూసి కూడా రాశాను. సార్ మళ్ళీ చూడలేదు, నా మాట మీద అంత నమ్మకం.

"అది నిజంగా చాలదా అక్కా?" అని అడిగింది.

"చాలదు. ఆఫీసర్లు నవ్వుతారు."

"సరేలే అక్కా. నీకు తెలిసినంత నాకు తెలీదు గదా."

సమావేశంలో బాగా మాట్లాడింది. ఆ పేరా లేదు కాబట్టి ఆ సంతకం మాటే రాలేదు. చివర్న చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చుని ఆ చప్పట్లకూ ఏడ్చాను నేను.

కొన్ని నెలలకు పత్రం వచ్చింది. దాన్ని రైతులకు చదివి వినిపించడానికి మళ్ళీ ఆ పల్లెకే వెళ్ళాం. అంతా విన్నాక ఆ రైతు నా పెన్ను తీసుకుని భార్య చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు పెట్టు మే. తర్వాత నేను పెడతాను."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. "నేను యాడ పెట్టాలమ్మా?"

కాగితం అడుగున సంతకానికి ఒకటే గీత ఉంది. దాని కింద భూయజమాని అని ఉంది. ఆమె కాగితం తిప్పి వెనక కూడా చూసింది. ఏమీ లేదు.

"నీకు జాగా పెట్టలేదమ్మా," అంది మా చిన్నది. "వాళ్ళకు అర్థమయ్యేట్టు నేను రాయలేకపోతిని. తప్పు నాదే."

అది నా తప్పని చెప్పడానికి ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది కూడా. ఈలోపు ఆ ఇల్లాలు పెన్ను కింద పెట్టి, మా చిన్నదాని తల మీద చెయ్యేసి, "పోనీలే పాపా, నువ్వేం సేస్తావు" అంది. నేను చేసిన తప్పుకు కూడా ఓదార్పు ఆమెకే దక్కిందే అని అప్పుడూ కుళ్ళుకున్నాను. నోరు విప్పలేదు.