గుట్ట ఎక్కినంక

వనస్థలిపురంలో మా ఇంటి ఓనరుకు ఒక అలవాటుండేది. ఎవరు ఏ పంచాయితీ తెచ్చినా "గుట్ట ఎక్కినంక మాట్లాడుదాం" అని, ఆదివారం తన పాత జీపులో రాచకొండకు తీసుకుపోయేవాడు.

మాది కృష్ణా జిల్లా. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో వీధిలో ఎవరో మా ఆవిణ్ణి "మీ ఊరికి ఎప్పుడు పోతరు?" అని అడిగారు. మనసు విరిగి, ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పాను. ఎల్బీనగర్ చౌరస్తాలో నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయిన ఆయన ఎప్పటి మాటే అన్నాడు.

ఆ ఆదివారం, రాచకొండ గుట్ట మీది పాత కోట మొదటి దర్వాజ దగ్గరే నాకు ఆయాసం వచ్చింది.

"ఏంది సార్, గిక్కడ్నే ఆగిన్రు? గీ నడకతోని సామాన్లెట్ల మోస్తరు?" అని నవ్వాడు.

సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద బండల గోడలు పట్టుకుని పైకి చేరాం. నీళ్ల సీసా నా చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాడు.

"ఇగ చెప్పుండ్రి. తెలంగాణ రావాలె, అందుకే కొట్లాడుతున్న. గని మీరు పోవుడెందుకు?"

నేను నీళ్లు తాగాను. చుట్టూ సీతాఫలం పొదలు, దూరంగా గుట్టల వరస.

"ఆ చివరి గుట్ట పేరేంటండీ?"

ఆయన ప్యాంటు దులుపుకుంటూ లేచాడు.

"గది వచ్చే ఆదివారం. ఎక్కినంక చెప్త."