ఎదురొచ్చిన దుప్పి

పీలేరు నుంచి తిరుపతికి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్ దిగుతుండగా జింకలు తిరిగే చోటని హెచ్చరించే బోర్డు కనిపించింది. దాన్ని చూసి నా పక్క సీట్లోని పెద్దాయన గొంతు తగ్గించాడు.

"వయసులో ఉన్నప్పుడు ఈ అడివిలో దొంగతనంగా వేటాడినోణ్ణప్పా. ఒకరోజు ఒక దుప్పి నన్ను సూసి కూడా పారిపోలేదు. నిదానంగా నా దగ్గిరికే వచ్చినాది. తుపాకీ గొట్టం వాసన సూసి ఆడనే నిలబడింది."

"తర్వాత?"

"కాల్చినాను."

ఒళ్ళోని సంచి సర్దుకున్నాడు.

"అది పరిగెత్తింటే నాకీ బాధ ఉండదు. ఇంట్లో కూడా చెప్పలేదు. సదువుకున్నోడి మాదిరి ఉండావు. ఎందుకొచ్చినాదంటావు?"

"కళ్ళు కనిపించలేదేమో."

"నా మొకంలోకే సూసినాదప్పా."

చంద్రగిరిలో ఆయన సంచి తీసుకుని దిగిపోయాడు.

ఆ తర్వాత పశువుల డాక్టరైన మిత్రుణ్ణి అడిగాను. "జబ్బు చేసిందైనా కావచ్చు. లేదా ఎవరో చిన్నప్పటినుంచి చేత్తో మేపి, అడవిలో వదిలేసింది కావచ్చు. అలాంటిది మనిషి కనబడితే మేత పెడతాడనుకుని వస్తుంది" అన్నాడు.

ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే ఈ రెండో మాట చెప్పాలో వద్దో ఇప్పటికీ నాకు తేలడం లేదు.