సీమోను అత్త

సాంసన్ వాకిట్లో చెప్పులు విడిచే ముందు ఒకసారి దగ్గుతాడు. ఆ దగ్గు వినగానే బుజ్జమ్మ ఏ పనిలో ఉన్నా లేచి, కొంగు తలమీదికి లాక్కుని, వంటింటి గోడవార నిలబడుతుంది. అల్లుడి ముందు అత్త కూర్చోకూడదు. పడుకోవడం మాట ఎత్తే పనే లేదు. కోడేరు పక్క పల్లెలో ఆమె తల్లీ, అమ్మమ్మా అలాగే నిలబడ్డారు. కాకపోతే వాళ్ల అల్లుళ్లు పండక్కో పబ్బానికో వచ్చి పోయేవాళ్లు. బుజ్జమ్మ ఉండేదే అల్లుడి ఇంట్లో.

కొడుకులు లేరు. భర్త ఇస్రాయేలు బతికున్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి బొంబాయిలో ఇటుకలు మోశారు, గద్వాల దిక్కు సీడు పత్తి చేలల్లో పనికి పోయారు. ఆయన పోయాక కూతురు శిల్ప వచ్చి, ఖిల్లా ఘణపూర్ దగ్గరి తమ ఊరికి తీసుకొచ్చింది. అప్పట్నుంచి వంటా, నీళ్లూ, గిన్నెలూ బుజ్జమ్మవే. శిల్ప కూలికి పోతుంది. సాంసన్ పగలు ట్రాక్టరు నడుపుతాడు, సాయంత్రాలు ప్రార్థన కూడికల్లో బైబిలు వాక్యం చెబుతాడు. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. అత్తతో నేరుగా మాట్లాడడు, అంతే. అదీ మర్యాదే.

"అల్లునింట్ల ఉండుడంటే కొంగ ఒంటికాలి మీద నిలవడ్డట్టే గదా అక్కా," అనేది పక్కింటి నర్సమ్మ.

"కొంగకు చేపన్న దొరుకుతది," అనేది బుజ్జమ్మ.

ముసురు పట్టిన వారం ఆమెకు జ్వరం తగిలింది. కీళ్లన్నీ పట్టేసి, వంటింట్లో చాప మీద ముడుచుకుని పడింది. ఇల్లిల్లూ తిరిగే కూడిక వంతు ఆ బుధవారం సాంసన్ ఇంటికే వచ్చింది. పాస్టరూ, సంఘం వాళ్లూ తడుస్తూ వచ్చారు. సంగతి తెలిసి పాస్టరు వంటింటి గడప దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరి గొంతులూ కలిశాయి. బుజ్జమ్మ కదల్లేదు.

అప్పుడు వెనక నుంచి సాంసన్ దగ్గాడు.

బుజ్జమ్మ లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. కొంగు తలమీదికి వచ్చింది, వీపు గోడకు ఆనింది.

"స్తోత్రం! చూసిండ్రా?" పాస్టరు కళ్లు తెరిచి అరిచాడు. "అచ్చం సీమోను అత్త లెక్క లేచింది!"

చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో తీశారు. తర్వాత అందరూ ముందుగదిలో కూర్చున్నారు. చాయ్ ఎవరూ అడగలేదు. కూర్చుని ఉన్నారు, అంతే. బుజ్జమ్మ పొయ్యి వెలిగించింది.

ఆదివారం చర్చిలో సాంసన్ ఆ సంగతి సాక్ష్యంగా చెప్పాడు. అతన్ని సంఘ పెద్దను చేస్తామని పాస్టరు అక్కడే ప్రకటించాడు. వీడియో తిమ్మాజిపేట సంఘం దాకా పోయింది. సోమవారం జ్వరం తిరగబెట్టింది.

"దవాఖానకు తీస్కపోదం," అంది శిల్ప.

"నిన్ననే గదా సాక్ష్యం చెప్పిన? ఇయ్యాల దవాఖాన లైన్ల నిలవెడితే సంఘం ఏమంటది? నా మాట పోతె పోనీ, దేవుని మాట ఏంగావాలె? జర ఓపిక వట్టుమను మీ అమ్మను. విశ్వాసం ఉంటే మళ్ల లేస్తది."

గోడ అవతల బుజ్జమ్మకు అంతా వినబడింది. ఆమె దేవుణ్ణి ఎప్పుడూ అనుమానించలేదు. ఇస్రాయేలును పూడ్చిన రోజు కూడా. కానీ ఆ బుధవారం తాను లేచింది దేవుడికి కాదని ఆమెకు తెలుసు. ఆ మాట ఎవరితో చెప్పాలి?

మరునాడు పొద్దున సాంసన్ పనికి పోయాక, కూలికి బయల్దేరుతున్న కూతుర్ని పిలిచింది.

"ఆ అత్త కథ సదువు బిడ్డా."

శిల్ప బైబిలు తెచ్చి చదివింది. చిన్న కథ. సీమోను అత్త జ్వరంతో పడుంది, యేసు ఇంట్లోకి రాగానే వాళ్లు ఆయనకు చెప్పారు, ఆయన వచ్చి చెయ్యి పట్టి లేపాడు, జ్వరం వదిలింది, ఆమె వాళ్లకు ఉపచారం చెయ్యసాగింది.

"ఆమె పేరేంది?"

"రాయలె."

"లేసినంక ఏమన్నది?"

"అదిగుడ రాయలె. పని జేసిందట."

"ఇంట్లకు రాంగనే ఆమె సంగతి చెప్పిండ్రంటివి. అంత తొందరేంది?"

"పానం బాగలేదని గదమ్మా."

"ఆకలైతుండె కావచ్చు."

శిల్ప నవ్వింది. తల్లి నవ్వలేదు.

"తర్వాతది సదువు."

పొద్దుగూకాక ఊరు ఊరంతా రోగుల్ని మోసుకుని ఆ ఇంటి తలుపు ముందుకు వచ్చిందని ఉంది.

"ఊరంత వస్తే తాగనీకి నీళ్లు ఎవరు మోసిండ్రు? రాయలేదంటవు." బుజ్జమ్మ కళ్లు మూసుకుంది. "ఆయన మీద నాకేం లేదు బిడ్డా. ఆయన చెయ్యి వట్టి లేపిండు. నన్ను ఎవరు వట్టలె. అల్లుడు దగ్గిండు, లేసిన."

శిల్ప బైబిలు మూయబోతే బుజ్జమ్మ ఆపింది.

"అత్త ఉన్నదంటే సీమోనుకు పెండ్లాం ఉండాలె గదా. ఆమె యాడున్నది?"

శిల్ప వేలు పెట్టి వెతికింది. "లేదమ్మా."

సాయంత్రం వాకిట్లో అలికిడైంది. బుజ్జమ్మను తమ కూటానికి పిలవడానికి తిమ్మాజిపేట వాళ్లు వచ్చారు. సాంసన్ దగ్గాడు.

బుజ్జమ్మ లేవలేదు.

మళ్లీ దగ్గాడు, ఈసారి గట్టిగా. ఆమె పడుకునే కొంగు తలమీదికి లాక్కుంది. అల్లుడి నీడ చాప మీద కాసేపు నిలబడి వెనక్కి పోయింది. ముందుగదిలో అతని గొంతు వినబడింది.

"అత్తమ్మ పొద్దంత పనిజేసి, గిప్పుడే పండుకున్నది."

కాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చి, శిల్పతో గొంతు తగ్గించి అన్నాడు. "రేపు తోల్కపో. ఘణపూర్ దవాఖాన వద్దు, మనోళ్లు కనవడతరు. వనపర్తికి పో. ఎవరన్న అడిగితే చుట్టాలింటికని చెప్పు." ఆగి, "మస్తుమంది వచ్చిండ్రు," అన్నాడు.

శిల్ప చేలో కలుపు తీసి అప్పుడే వచ్చింది. పిక్కల దాకా బురద. కాళ్లు కడుక్కోకుండానే పొయ్యి ముందుకు పోయింది.

"నువ్వు కూసో బిడ్డా, నేను లేస్త," అని బుజ్జమ్మ మోచేతి మీద లేవబోయింది.

"పండుకో." శిల్ప వెనక్కి తిరగలేదు. "పొద్దుగాల అడుగుతివి గదా, సీమోను పెండ్లాం యాడున్నదని. ఈడ్నే ఉండె."

ముందుగదిలో పాట మొదలైంది. శిల్ప చాయ్‌పత్తి డబ్బా మూత తీసి లోపలికి చూసింది.

"పెద్ద గిన్నె యాడ వెట్టినవ్?"